తాళంచెవులను గల్లీ మొగదాలకు రప్పించిన ఓదెలు గారు

1988వ సంవత్సరం జులై నెల పద్నాలుగో తేదీ, గురువారం ఉదయం పదిన్నర గంటలకు, హ్యాండిల్‌కు రెండు ఖాళీ పాల క్యాన్లు వేలాడుతున్న సైకిల్ మీద ఒక ఇరవై మూడేళ్ల యువకుడు మన రసాయన భద్రతా తనిఖీ విభాగపు పాతబస్తీ కార్యాలయ ప్రాంగణంలో అడుగుపెట్టారు. పాలు పోసేవాళ్లు వెనుక వాకిలి నుంచి రావాలని ద్వారం దగ్గరి జవాను మందలించారట. ఆ యువకుడు మారుమాట లేకుండా వెనుక వాకిలికే వెళ్లి, సైకిల్ నిలిపి, చొక్కా జేబులోంచి నియామక పత్రం తీసి చూపించి, నమూనాల గదిలో సహాయకునిగా బాధ్యతలు స్వీకరించారు. ముప్పై ఏడు సంవత్సరాల మూడు నెలల పదిహేడు రోజుల అవిచ్ఛిన్న సేవానంతరం, సహాయ ముఖ్య తనిఖీ అధికారి హోదాలో, ఈ అక్టోబరు ముప్పై ఒకటో తేదీన పదవీ విరమణ చేస్తున్న మన శ్రీ ఓదెలు గారే ఆ యువకుడు.

ఈ ప్రత్యేక సంచికలో వారి గురించి రాసే భాగ్యం నాకు దక్కిందని తెలిసిన రోజు నుంచి నాకు కాలు నిలవడం లేదు. ఇంట్లో కాగితాలు పరచుకుని కూర్చుంటే, రిటైరయ్యేది ఆయనా మీరా అని మా శ్రీమతి అడిగింది. ఇరవై తొమ్మిదేళ్లుగా వారి పక్క బల్ల దగ్గర కూర్చున్న పర్యవేక్షకుణ్ణి నేను. వారి దస్త్రాలన్నీ నా చేతుల మీదుగానే పైకి వెళ్లాయి. వారితో నేను ఏకీభవించిన సందర్భాలు వందలు ఉంటాయి. గట్టిగా విభేదించింది ఒక్కసారే. ఆ ఒక్కసారి ఎవరు పొరబడ్డారో మన కార్యాలయంలో అందరికీ తెలుసు గానీ, అచ్చులో ఒప్పుకోవలసిన బాధ్యత మాత్రం నాది.

ఓదెలు గారి కుటుంబం నాలుగు తరాలుగా పాతబస్తీలో బర్రెలను సాకి పాలు పోసిన కుటుంబం. చిన్ననాడే తండ్రి గారి వెంట గడప గడపకూ తిరిగినందువల్ల ఏ గల్లీ ఎక్కడ ఇరుకవుతుందో, ఏ ఇంటి మెట్లు ఎటు తిరుగుతాయో వారికి కంఠోపాఠం. నమూనాల గదిలో చేరిన కొత్తల్లో చీటీ చూడకుండా వాసనతోనే సీసాలో ఏముందో చెప్పేవారని అప్పటివాళ్లు అనేవారు. మూత తీసి వాసన చూస్తే ఏదో ఒకరోజు ముక్కే మిగలదని పై అధికారి కోప్పడితే, ఆనాటి నుంచి చీటీ చదవనిదే సీసా ముట్టకూడదని నియమం పెట్టుకున్నారు. చీటీ లేని సీసాను చూస్తే వారికి ఈనాటికీ ఒళ్లు మండుతుంది. కార్యాలయంలో మంచినీళ్ల సీసా మీద కూడా 'నీళ్లు' అని రాసి అంటించిన మనిషి వారొక్కరే.

పగలు ఉద్యోగమూ, తెల్లవారుజామున పాడి పనీ చేసుకుంటూనే శాఖాపరమైన పరీక్షలు ఉత్తీర్ణులై 1996లో ఉప తనిఖీ అధికారిగా, 2003లో తనిఖీ అధికారిగా పదోన్నతి పొందారు. నిబంధనల పుస్తకం ఆంగ్లంలో ఉండేది. దాన్ని వారు రెండు వేసవికాలాలు కూర్చుని ఒక నోట్‌బుక్కులోకి తమ తెలుగులో దించుకున్నారు. 'మండే స్వభావంగల ద్రవపదార్థములను నిర్దేశిత దూరంలో భద్రపరచవలెను' అని మేము అనువదిస్తే, వారి పుస్తకంలో 'నిప్పును, థిన్నర్‌ను ఒక్క కప్పు కింద పండవెట్టొద్దు' అని ఉంటుంది. ఆ పుస్తకం కావాలని వ్యాపారులు కార్యాలయానికి వచ్చి అడిగి తీసుకువెళ్లిన రోజులున్నాయి. మేము అచ్చు వేయించిన కరపత్రాలు మాత్రం ఇప్పటికీ బీరువాలో భద్రంగా ఉన్నాయి.

మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌ను ఖాళీ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి అమ్మరాదన్న నిబంధనను బేగంబజార్‌లో అమలు చేయించిన తీరు మరొకటి. కొత్త సీసాలు ఎక్కడి నుంచి తేవాలని ఒక కిరాణా వర్తకుడు లొల్లి చేస్తుంటే, ఓదెలు గారు ఆయన ముందు ఒకే తీరు సీసాలు రెండు పెట్టారు. ఒకదానిలో నిమ్మకాయ షర్బత్తు, రెండోదానిలో యాసిడ్. ఎండన పడి వచ్చినట్టున్నారు, ఒకటి తాగండి అన్నారు. వర్తకుడు రెండింటినీ కాసేపు చూసి, తాగకుండానే వేరే సీసాల కోసం మనిషిని పంపించారు.

వారి తనిఖీ పద్ధతి కూడా వారికే చెల్లింది. దుకాణంలోకి దస్త్రం పట్టుకుని ముందు వాకిలి నుంచి వెళ్లరు. ముందుగా బయట బండి దగ్గర కూర్చున్న హమాలీల పక్కన చతికిలబడి, ఏ డబ్బాను ఎత్తనీకి మీకు భయమైతది అని అడుగుతారు. యజమాని పుస్తకంలో రాయని విషయం, చీటీ మీద లేని విషయం హమాలీ భుజానికి తెలుస్తుందని వారి సిద్ధాంతం. ఈ ఒక్క ప్రశ్నతో వారు పట్టుకున్న లోపాల్ని మేము పరికరాలతో వెళ్లి కూడా పట్టుకోలేకపోయామని వినమ్రంగా మనవి చేస్తున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. 2022 జూన్‌లో మండే రసాయనాల నిల్వ మీద కొత్త భద్రతా ఉత్తర్వులు వచ్చాయి. జనం నివసించే ఇళ్ల కింద పీపాలు నిల్వ చేయరాదు, దుకాణంలో ఒక్కరోజు అమ్మకానికి సరిపడే చిన్న డబ్బాలే ఇనుప బీరువాలో ఉంచాలి, నిప్పు దరిదాపులకు రాకూడదు, ఇసుక బకెట్లు ఉండాలి. నలభై ఐదు రోజులు గడువు. ఆ తరువాత లైసెన్సు రద్దు. బేగంబజార్ వెనుక గల్లీలో గాజుల తయారీదార్లకు లక్క, స్పిరిట్, థిన్నర్, వార్నిష్ అమ్మే దుకాణాలు ఇరవై ఆరు ఉన్నాయి. కింద దుకాణం, పైన సంసారం. తరతరాలుగా అదే తీరు. ఆ ఉత్తర్వు ఆ గల్లీలో పిడుగులా పడింది.

గల్లీ మధ్యలోని దుకాణం పుష్పమ్మ గారిది. అత్తగారి నుంచి వచ్చిన వ్యాపారం. కుమారుడు నగేష్ లావాదేవీలు చూస్తారు గానీ తాళంచెవుల గుత్తి మాత్రం ఆమె నడుముకే ఉంటుంది. వారి దుకాణం పైన డానియేలు మాస్టారు ఉదయం పూట పిల్లలకు ట్యూషన్ చెబుతారు. కింద నలభై పీపాలు, పైన పిల్లలు, మధ్యలో ఒకే ఒక్క మెట్ల దారి. ఓదెలు గారికి ఆ ఉత్తర్వు చదవగానే జ్ఞాపకం వచ్చింది ఆ మెట్లేనట.

జులై మొదటి గురువారం సాయంత్రం తనిఖీకి వారి వెంట నేనూ వెళ్లాను. అంతకు వారం ముందే 'నిప్పు నిషేధం' అన్న హెచ్చరిక పత్రాలను అన్ని దుకాణాలకూ పంచాము. ప్రభుత్వ పత్రం కళగా ఉండాలని దాని చుట్టూ బంగారు రంగు అంచు, మధ్యలో ఎర్రని మంట బొమ్మ వేయించింది నేనే. పుష్పమ్మ గారి దుకాణంలోకి అడుగుపెట్టేసరికి నా ముచ్చట అంతా తీరిపోయింది. ఆ పత్రానికి అద్దం కట్టించారు. బొట్టు పెట్టారు. బంతిపూల దండ వేశారు. మంట ఆర్పడానికి మేము పెట్టించిన ఇసుక బకెట్‌ను సరిగ్గా దాని కిందనే ఉంచి, ఆ ఇసుకలో అగరుబత్తీలు గుచ్చి వెలిగించారు.

అంతటితో ఆగలేదు. పాతబస్తీలో గురువారం సాయంత్రం ఊదు, అదే లోబాన్ పొగ, వేసే ఆనవాయితీ మీకు తెలిసిందే. ఆ గల్లీకి ముప్పై ఏళ్లుగా ఊదు వేస్తున్న మస్తాన్ భాయ్ అప్పుడే లోపలికి వచ్చారు. చేతిలో భగభగలాడే బొగ్గుల ధూపపాత్ర. ఇంటికి, దుకాణానికి బర్కత్ కోసం, అంటే సిరి కలిసిరావాలని, మూలమూలకూ పొగ చూపిస్తారు. ఆ రోజు ప్రత్యేకంగా మా హెచ్చరిక పత్రం ముందు నిలబడి మరో మూడుసార్లు తిప్పారు. సర్కారు కాగితం వచ్చిన దగ్గర నుంచి దుకాణానికి దిష్టి తగిలిందని, అది పోవాలని పుష్పమ్మ గారే చెప్పి వేయించారట. నిప్పు వద్దన్న కాగితానికి నిప్పుతోనే దిష్టి తీస్తున్నారన్నమాట. నలభై పీపాల థిన్నర్ మధ్యలో ఒక నిప్పురవ్వ ఎగిరి నేల మీద పడింది. నాకు పైప్రాణం పైనే పోయింది. ఓదెలు గారు ఒక్క అంగలో వెళ్లి దాన్ని చెప్పుతో తొక్కి, మస్తాన్ భాయ్ భుజం మీద చేయి వేసి, మెల్లగా వీధిలోకి నడిపించుకుని వచ్చారు. అక్కడ ఆయనకు చాయ్ చెప్పి, తిరిగి లోపలికి వెళ్లారు.

కోప్పడతారని మేమంతా చూస్తున్నాము. వారు కోప్పడలేదు. లోబాన్ ఆపాలని మాత్రం చెప్పారు. పుష్పమ్మ గారు ముఖం చిన్నబుచ్చుకున్నారు.

"మా అత్త కాలంకెల్లి బేస్తారం బేస్తారం ఊదు పడనిది షట్టర్ దించలే సార్. గిప్పుడు బంద్ వెట్టుమంటె బర్కత్ ఎట్లుంటది?"

ఓదెలు గారు, బర్కత్ డబ్బలల్ల ఉంటదా, తాళంచెవిల ఉంటదా అని అడిగారు. ఆమె తడుముకోకుండా తాళంచెవిలోనే ఉంటుందన్నారు, రోజూ పొద్దున దానికి మొక్కుకునే కదా తెరుస్తామన్నారు.

"గట్లయితె తాళంచెవిని గల్లీ మొగదాలకు తీస్కపోదాం అమ్మా. పొగనే దుకాన్లకు రావాల్నా ఏంది?"

ఆమె వీధిలో ఉన్న మస్తాన్ భాయ్ వైపు చూశారు. ఆయన చాయ్ గుటక వేసి, "ధువాఁ కూ దుకాన్ క్యా, గల్లీ క్యా సాబ్" అన్నారు. పొగకు దుకాణమైతేనేం వీధైతేనేం అని ఆ పెద్దమనిషే ఒప్పుకున్నాక ఇంకెవరు కాదంటారు? ఆ మరుసటి గురువారం నుంచి ఇరవై ఆరు దుకాణాల తాళంచెవులూ సాయంత్రం పూట గల్లీ మొగదాలకు, అంటే వీధి మొదట ఉన్న కుళాయి దగ్గరకు, రాసాగాయి. మస్తాన్ భాయ్ అక్కడే కూర్చుని అన్నింటికీ ఒకేసారి ఊదు వేస్తారు. ఆయన మోకాళ్లకు కూడా విశ్రాంతి దొరికింది. ఏ ఉత్తర్వులోనూ లేని ఈ ఏర్పాటును నేను దస్త్రంలో ఏ శీర్షిక కింద రాయాలో తెలియక తంటాలు పడ్డాను.

లోబాన్ సంగతి అలా తేలిపోయింది గానీ పీపాల సంగతి అంత తేలికగా తేలలేదు. పీపాలను ఎక్కడికి తరలించాలి? విడి గోదాము పెట్టుకునే స్తోమత ఒక్కొక్కరికీ లేదు. పెళ్లిళ్ల కాలం, గాజుల వాళ్ల దగ్గర నుంచి సరుకు కోసం తొందర. ఆరుగురు వ్యాపారులు వచ్చి నా బల్ల ముందు కూర్చున్నారు. నగేష్ అయితే కుండ బద్దలు కొట్టినట్టు మాట్లాడారు.

"రూల్ మీరు కాగితం మీద రాస్తరు సార్. రొట్టె మా కంచంలకెల్లి గుంజుతరు."

నా మనసు కరిగిపోయింది. మానవతా దృక్పథంతో ఏడాదిపాటు సడలింపు ఇవ్వవచ్చునని ఐదు పేజీల నోట్ రాశాను. చాలా బాగా రాశాను కూడా. అందులోని వాక్యాలు కొన్ని నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు, అదే నా బాధ. సంతకం కోసం ఓదెలు గారి ముందు పెడితే వారు చివరిదాకా చదివి, సంతకం పెట్టకుండా నాకే తిరిగి ఇచ్చారు. ఏడాది గడువిస్తే మునిగిపోయేదేముందన్నా అని నేను వాదించాను. వారి గొంతు పెరగలేదు.

"ప్రకాశం, గా మెట్లు ఒక్కసారి ఎక్కి దిగిరా. దిగినంక గూడ నీ నోట్ సరైందే అనిపిస్తె, దాని కింద నేను గూడ సంతకం పెడ్త."

నేను వెళ్లలేదు. ఎండ అన్నాను, మోకాళ్ల నొప్పి అన్నాను. నిజానికి నాకు అభిమానం అడ్డొచ్చింది. నా నోట్‌ను విడిగానే పైకి పంపాను. వారు పీపాలు తరలేదాకా దుకాణాలు మూయాలని ఒకే పేజీలో రాసి పంపారు. పై అధికారులు ఆ ఒక్క పేజీనే ఆమోదించారు. అప్పటి నుంచి దాదాపు నాలుగు నెలలు మేమిద్దరం దస్త్రాలు మార్చుకున్నామే గానీ మాటలు మార్చుకోలేదు. మధ్యాహ్నం వారు తెచ్చే గడ్డపెరుగు నా డబ్బాలోకి రావడం మాత్రం ఆగలేదు. నేను తినడమూ ఆపలేదు, అది వేరే విషయం.

ఇరవై మూడు రోజులు ఆ గల్లీలో షట్టర్లు దించి ఉన్నాయి. ఆ రోజుల్లో ఓదెలు గారిని తిట్టనివాళ్లు లేరు. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, గల్లీ చివరి మిఠాయి దుకాణం వారు ఓదెలు గారి తమ్ముడి దగ్గర పాలు కొనడం మానేశారు. ఇంట్లో వారు ఎన్ని మాటలు పడ్డారో మనకు తెలియదు. వారి ధర్మపత్ని శ్రీమతి కాశమ్మ గారు, నీ ఉద్యోగం నీది, బర్రెలకు మాత్రం దాణా ఆగొద్దు అని మాత్రమే అన్నారని తరువాత విన్నాను.

ఆ ఇరవై మూడు రోజులూ ఓదెలు గారు చేసిన పని ఏ ఉద్యోగ నియమావళిలోనూ లేదు. కార్యాలయం ముగిశాక, సెలవు రోజుల్లో, స్కూటర్ మీద జల్‌పల్లి చుట్టూ ఉమ్మడి గోదాము కోసం తిరిగారు. పది స్థలాలు చూశారు, పదింటినీ వద్దన్నారు. ఖాళీగా కనిపించే ప్రతిచోటా ప్లాట్ల రాళ్లు పాతి ఉన్నాయి, రేపు ఇళ్లు లేస్తాయి, ఇక్కడి ముప్పును అక్కడి పిల్లల నెత్తిన పెట్టడం ఎందుకన్నారు. పదకొండోది ఊరికి దూరంగా, చుట్టూ రాతినేల ఉన్న పాత రేకుల షెడ్డు. దాని యజమానితో మాట్లాడించి, వ్యాపారులందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఉమ్మడిగా తీసుకునేలా ఒప్పించారు. మొదటి పీపా లారీ ఎక్కినప్పుడు అందరికంటే గట్టిగా తిట్టిన నగేషే దాని కింద భుజం పెట్టారు.

నిబంధన ఎవరినీ నొప్పించలేదని రాస్తే అది అబద్ధమవుతుంది. ఇరవై ఆరింటిలో నాలుగు దుకాణాలు ఆ వ్యాపారం వదులుకున్నాయి. ఒకరు ఇప్పుడు స్టీలు సామాను అమ్ముతున్నారు. ఆ నాలుగు పేర్లూ ఓదెలు గారికి ఈనాటికీ నోటికి వచ్చు, వాళ్లు మారిపోయిన పత్తర్‌గట్టి వైపు వెళ్లినప్పుడల్లా ఆగి వాళ్ల యోగక్షేమాలు అడిగే వస్తారు. మిగిలిన ఇరవై రెండింటి సంగతి మాత్రం నాకు ఎంత చెప్పినా తనివి తీరదు. ఉమ్మడి గోదాము కావడం వల్ల అందరూ కలిసి ఒకేసారి సరుకు తెప్పించుకోసాగారు. ప్రతి డబ్బా మీద తెలుగులో, ఉర్దూలో చీటీ పడింది. భద్రతా పత్రాలు అడిగే పెద్ద కంపెనీలు అంతకుముందు ఆ గల్లీ వైపు కన్నెత్తి చూసేవి కావు. ఇప్పుడు వాటి లారీలు నేరుగా జల్‌పల్లి షెడ్డు దగ్గరకే వస్తున్నాయి. నిబంధన వ్యాపారానికి శత్రువు కాదని మనం సభల్లో చెబుతుంటాము. ఓదెలు గారు దాన్ని లారీలో ఎక్కించి చూపించారు.

ఈ సంవత్సరం ఫిబ్రవరిలో, ఒక మంగళవారం ఉదయం ఏడుంబావుకు, పుష్పమ్మ గారి దుకాణం ముందు భాగంలోని మీటరు బోర్డులో నిప్పు రాజుకుంది. అప్పటికి షట్టర్ ఇంకా తీయలేదు. మంట ప్లైవుడ్ అరలకు పాకి, మెట్ల మొదటిదాకా వచ్చింది. పైన డానియేలు మాస్టారు ఎక్కాలు చెప్పిస్తున్నారు. పిల్లలు పంతొమ్మిది మంది. పొగ వాసన రాగానే మాస్టారు పిల్లలందరినీ ఒకరి వెనుక ఒకరిని నిలబెట్టి, అందరికంటే చిన్నదైన ఆరేళ్ల సోనీని చంకనెత్తుకుని, గోడ పట్టుకుని నడిపించుకుంటూ కిందికి దించారు. ఈలోగా నగేష్ పరుగున వచ్చి నాలుగు బకెట్ల ఇసుక మెట్ల దగ్గర గుమ్మరించి దారి నిలబెట్టారు. ఎవరికీ చర్మం కమిలినంత గాయం కూడా కాలేదు. ఇనుప బీరువాలోని చిన్న డబ్బాలు చెక్కుచెదరలేదు. మరో పావుగంటకు అగ్నిమాపక దళం వచ్చి మిగిలిన మంట ఆర్పింది.

మర్నాడు నేను వెళ్లాను. రెండున్నరేళ్లు ఆలస్యంగా ఆ మెట్లు ఎక్కాను. ఇరవై రెండు మెట్లు. ఇద్దరు పక్కపక్కన నడవలేరు. రెండు వైపులా గోడలే, కిటికీ లేదు. కిందికి దిగుతుంటే కుడిచేతి గోడకు అవతల ఒకప్పుడు నలభై పీపాలు ఉండిన గది. ఆ గది అరలన్నీ బొగ్గయి ఉన్నాయి. మెట్ల మొదట్లో పిల్లలు విడిచిన చెప్పులు పంతొమ్మిది జతలు, కరిగి నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. వాటిలో కొన్ని నా అరచేయంత కూడా లేవు. నా ఐదు పేజీల నోట్ ఆమోదం పొంది ఉంటే, ఏడాది తరువాత మరో ఏడాది, ఆ తరువాత ఇంకో ఏడాది సడలింపు రాసేవాణ్ణే నేను. నన్ను నేను ఎరుగుదును. ఆ చెప్పుల పక్కన మెట్టు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఓదెలన్నా, ఈ మాట మీతో ముఖాముఖి చెప్పే ధైర్యం ఎనిమిది నెలలుగా రాలేదు. మన కుటుంబాల ముందు, సహోద్యోగుల ముందు, అచ్చులో చెబుతున్నాను. మీరే సరి. నన్ను క్షమించండి.

ఆ వారమే పుష్పమ్మ గారు కార్యాలయానికి వచ్చారు. అంతకుముందే పంతొమ్మిది మంది పిల్లలకూ కొత్త చెప్పులు కొనిచ్చారని మాకు తెలిసింది. ఆమె కుర్చీలో కూర్చోలేదు. ఓదెలు గారి బల్ల ముందు నిలబడే చెప్పారు.

"సార్, షట్టర్లు దించినప్పుడు మీకు మస్తు శాపనార్థాలు పెట్టిన. గవ్వన్ని వాపస్ తీస్కుంటున్న."

మా అందరి కళ్లూ చెమర్చాయి. ఓదెలు గారి జవాబు కోసం చెవులు రిక్కించాము. వారు, అమ్మా, గా మీటరు బోర్డు ఎన్నేండ్ల కిందటిది అని అడిగారు. ఆమె తన పెళ్లి కాలం నాటిదన్నారు. సాయంత్రంలోగా గల్లీలోని ఇరవై రెండు దుకాణాలకూ మీటరు బోర్డుల మీద హెచ్చరికలు వెళ్లాయి. కృతజ్ఞత చెప్పడానికి వచ్చిన మనిషి చేతికి నోటీసు ఇచ్చి పంపిన అధికారి మన శాఖ చరిత్రలో మరొకరు ఉండరు. ఆమె దాన్ని మడిచి తాళంచెవుల పక్కనే కొంగున ముడి వేసుకుని వెళ్లారు.

మాన్యులు శ్రీ ఓదెలు గారూ, ఇక మీ తెల్లవారుజాములు సంపూర్ణంగా మీవి, మీ బర్రెలవి. మీ పిల్లలతో, తోబుట్టువులతో, శ్రీమతి కాశమ్మ గారితో మీ గృహం నిత్యకల్యాణం పచ్చతోరణంగా వర్ధిల్లాలని, మీకు సంపూర్ణ ఆరోగ్యం, మనశ్శాంతి, దీర్ఘాయుష్షు సమకూరాలని కార్యాలయ సిబ్బంది అందరి పక్షాన ఆకాంక్షిస్తున్నాను. గడ్డపెరుగు విషయం మీ వివేచనకే వదిలిపెడుతున్నాను.

నా వ్యక్తిగత కోరిక మాత్రం వేరే ఉంది. డానియేలు మాస్టారు చంకనెత్తుకుని దించిన సోనీకి ఇప్పుడు ఆరేళ్లు. ఆమె చదువుకుని, ఉద్యోగం చేసి, అరవై ఒకటో ఏట పదవీ విరమణ పొందే రోజున జరిగే సభలో మీరు మొదటి వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాలి. లెక్క వేసి చూశాను. అప్పటికి మీకు నూట పదహారేళ్లు, మనవాళ్లకు శుభమైన సంఖ్యే. ఇది మరీ ఎక్కువని, కొంత తగ్గించమని మీరు నాకు అర్జీ పెట్టుకోవచ్చు. మెట్లు ఎక్కి దిగివచ్చిన పర్యవేక్షకుడిగా ముందే తెలియజేస్తున్నాను: సడలింపు ఇవ్వబడదు.